లోయ మీద మూత

ఆ ఏడు నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ వెళ్ళిన మర్నాడు మా లోయ మీద మూత పడింది. అది ప్రతి చలికాలం పడేదే. చుట్టూ కొండలు, మధ్యలో గిన్నెలా, అమెరికాలో యూటా రాష్ట్రంలోని మా లోయ. పైన వెచ్చటి గాలి నిలిచి, అడుగున చల్లటి గాలి చేరితే బండ్ల పొగ, పొయ్యిల పొగ, పశువుల కొట్టాల ఆవిరి అన్నీ కిందే ఇరుక్కుపోతాయి. ఏ మంచు తుఫానో వచ్చి చెదరగొట్టేదాకా అంతే. మామూలుగా వారం, మహా అయితే పది రోజులు. ఆ ఏడు క్రిస్మస్ వచ్చింది, వెళ్ళింది. మూత మాత్రం కదల్లేదు. బళ్ళో పిల్లల్ని ఆటలకి బయటికి వదలడం మానేశారు. మధ్యాహ్నం కూడా వీధి దీపాలు వెలుగుతూనే ఉండేవి.

నేను ఆల్డర్ ఫోర్క్ ఊరి షెడ్డులో పెద్ద మెకానిక్‌ని. చిన్న ఊరు కాబట్టి బడి బస్సులు, చెత్త లారీలు, రోడ్డు మీద మంచు తోసే బండ్లు అన్నీ ఒకే షెడ్డు. అన్నీ డీజిల్. నా భార్య రెనే పిల్లలకి పియానో నేర్పుతుంది. ఊరి కౌన్సిల్లో ఒక సీటుకి ఎవరూ ముందుకు రాకపోతే మా చర్చి మందిరంలో నలుగురూ పట్టుబట్టి ఆమెని నిలబెట్టారు. పోటీ లేకుండానే గెలిచింది. మా నాన్న థేన్ మాతోనే ఉండేవాడు. గనుల్లో లారీలు తోలిన మనిషి. ఎనభై దాటాడు. ఊపిరితిత్తులు అరిగిపోయినా నోరు అరగలేదు.

జనవరి మొదట్లో ఒక ఆదివారం మందిరం నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నాం. రెనే జున్ను వేసి కాల్చిన బంగాళాదుంపల గిన్నె మధ్యలో పెట్టింది.

"డెల్, ఒక మాట చెప్తాను. కోపం తెచ్చుకోకు."

"అలా మొదలెట్టావంటే సగం కోపం వచ్చేసినట్టే," అన్నాను.

"లోయలో ఊళ్ళు కొన్ని కలిసి ఒక కూటమి పెట్టుకున్నాయి. బడులు, పాల డెయిరీలు కూడా చేరాయి. పొగ తక్కువొచ్చే బండ్లకి మెల్లగా మారాలని. కొందరు గ్యాసు బండ్లు, కొందరు కరెంటు బండ్లు. ఛార్జింగు పెట్టేవీ, పని నేర్పేవాళ్ళూ అందరికీ ఉమ్మడిగా ఉంటారు. మన ఊరిని కూడా రమ్మంటున్నారు. బడి బోర్డు సరేనంది. మేం ఫిబ్రవరిలో ఓటెయ్యాలి. ఈలోగా వాడి చూసుకోమని ఒక కరెంటు బస్సు ఇస్తారట."

నాన్న నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. తేరుకుని, "కరెంటు బస్సా? వైరు ఎంత పొడుగుంటుందమ్మా? బడి దాకా వస్తుందా?" అన్నాడు.

"మీరూరుకోండి మామయ్యా."

"నేనేమన్నాను? వాడి మొహం చూడు. అసలు మాట వాడంటాడు."

అన్నాను కూడా. "నాది ఇంజన్ల పని రెనే. ఇంజన్ లేని బండ్లు తెచ్చిపెడితే నేనూ, నా దగ్గర పనిచేసేవాళ్ళూ ఏం చెయ్యాలి? అద్దాలు తుడుస్తూ కూర్చోవాలా? కొట్టడానికి ఊళ్ళో నా పొట్టే దొరికిందా నీకు?"

ఆమె బంగాళాదుంపల గిన్నె నా వైపు జరిపింది. "ఓటేస్తానని నేను చెప్పలేదు. బస్సు చూడమన్నాను. చూసి బాగోలేదను, వింటాను. చూడకుండా అంటే మాత్రం వినను."



బస్సు ఆ వారంలోనే ఒక పెద్ద లారీ మీదెక్కి వచ్చింది. మామూలు బడి బస్సులాగే పసుపు రంగు. దానితో పాటు కూటమి తరఫున ఒడాలిస్ అనే అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. బూట్లకి గ్రీజు మరకలు చూసి నాకు కాస్త ధైర్యం వచ్చింది. బస్సు ముందున్న బానెట్ ఎత్తి లోపలికి తొంగి చూశాను. నారింజ రంగు తీగలు, రెండు మూడు డబ్బాలు. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టుంది.

"ఏం మిస్టర్, ఏం వెతుకుతున్నారు?" అంది ఒడాలిస్.

"నా ఉద్యోగం వెతుకుతున్నా. కనపడలేదు."

నవ్వింది గానీ, వెంటనే ఆపేసింది. "అబద్ధం చెప్పను. ఈ చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. వెచ్చదనం కోసం పెట్టే హీటరు దాన్ని బాగా తినేస్తుంది. కొండ వైపు పశువుల దొడ్ల దాకా వెళ్ళే రూటుకి పంపకండి. ఊళ్ళో తిరిగే రూటుకి పంపి చూడండి. తప్పులన్నీ రాసి పెట్టండి, మాకూ కావాలి."

తప్పులు రాసి పెట్టమంటే నాకంటే సంతోషించేవాడు ఎవరు! మర్నాడు పొద్దున్నే నేను కూడా బస్సెక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాను. బకెట్లో నీళ్ళు రాయైపోయే చలి. తోలేది వెర్డా. నేను షెడ్డులో చేరిన ఏడే ఆమె కూడా చేరింది. పెద్ద గొంతు. ఆ గొంతు లేకపోతే బడి బస్సు తోలలేరని ఆమె నమ్మకం.

"ఆగిపోతే తోస్తావా డెల్విన్?" అని అరిచింది. అరిచాక తన అరుపుకి తనే ఉలిక్కిపడింది. అరవాల్సిన అవసరం లేదు. బస్సు కదిలింది, ఏ చప్పుడూ లేదు. టైర్ల కింద మంచు నలుగుతున్న చప్పుడు మాత్రం చక్కెర నమిలినట్టు వినపడుతోంది. పొగలో ఒక్కో మలుపు దగ్గరా పిల్లలు దెయ్యాల్లా నిలబడి ఉన్నారు. ఎక్కుతూ ఎక్కుతూనే గొంతులు తగ్గించుకున్నారు. ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకుంటూ గుసగుసలాడారు.

అప్పుడు వినపడింది. వెనక వరసల్లోంచి సన్నగా, నిదానంగా ఒక పాట. స్పానిష్‌లో. ఏ రేడియోలోనూ విన్న పాట కాదు. ఇంట్లో అమ్మో అమ్మమ్మో అల్లుకున్న పాటలా ఉంది. నేను వెనక్కి తిరగబోతే వెర్డా చెయ్యి వెనక్కి చాచి నా మోకాలు గట్టిగా పట్టుకుంది.

"తిరక్కు," అంది పెదాలు కదపకుండా. "అది ఇట్సెల్."

డెయిరీలో పాలు పితికే వాళ్ళ పిల్ల. బళ్ళో చేరి రెండో ఏడు. ఇంతవరకు ఒక్క మాట మాట్లాడలేదని ఊరందరికీ తెలుసు. టీచర్లు బుజ్జగించారు, డాక్టర్లు చూశారు. పిల్లలు మొదట ఏడిపించి, తర్వాత ఏడిపించడం కూడా మానేశారు. డ్రైవరు పైనున్న అద్దంలో చూస్తే, ఆ పిల్ల కిటికీకి నుదురు ఆనించి, రోజూ పాడుకునేదేమో, ఇవాళా పాడుకుంటోంది. ఇన్నాళ్ళూ మా ఇంజన్ మోత చాటున పాడుకుందన్న మాట. ఆ మోత తీసేశామని ఆ పిల్లకి తెలీదు.

ఒక్కొక్కళ్ళే పిల్లలు మాటలాపేశారు. ఎవరూ వెనక్కి తిరగలేదు. వాళ్ళకెవరు చెప్పారో నాకిప్పటికీ అర్థం కాదు. చివరికి బస్సులో ఆ పాట ఒక్కటే మిగిలింది. నా మెడ మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. మందిరంలో పెద్ద పండగనాడు అందరూ కలిసి పాడినప్పుడు కూడా నాకు అలా కాలేదు.

బడి గేటు వచ్చింది. వెర్డా ఆపలేదు. వేగం తగ్గించి బడి చుట్టూ ఇంకొక చుట్టు తిప్పింది. నేను గడియారం చూడలేదు. పాట అయ్యాక మెల్లగా గేటు ముందు నిలిపి, రోజూలాగే, "దిగండి, దిగండి! టోపీలు మర్చిపోతే నేను తెచ్చివ్వను!" అని కేకేసింది. పిల్లలు దిగిపోయాక స్టీరింగు మీద చేతులు పెట్టుకుని చాలాసేపు అలా కూర్చుంది.

"రెండేళ్ళుగా ఈ పిల్లని ఎక్కించుకుంటున్నాను డెల్విన్," అంది.



ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. రెనే అడిగితే, "హీటరు బ్యాటరీని తినేస్తోంది," అన్నాను. అది నిజమే.

జనవరి చివరికి మూత ఇంకా కిందికి దిగింది. బడి వీధి చివర ఉన్న నీళ్ళ ట్యాంకు కూడా కనపడేది కాదు. గాలి ఎంత చెడిందో రంగుల్లో చెప్పే బోర్డు మీద రోజూ ఎరుపే. మరో పక్క రెనే మీద ఒత్తిడి మొదలైంది. మందిరంలో ఒకరు ఆమెని పక్కకి పిలిచి, "సిస్టర్ రెనే, నీ మొగుడికే ఇష్టం లేదట కదా, మాకెందుకు చుడతావు?" అన్నారట. గడ్డి లారీలు తిప్పే లమాంట్ కౌన్సిల్లో పాత సభ్యుడు. అతను సూటిగానే అడిగాడు. "ఇవాళ బస్సులంటారు. రేపు నా లారీల మీద రూలు పెట్టరని ఏంటి హామీ?" ముగ్గురు తల్లులు ఇక తమ పిల్లల్ని పియానోకి పంపేది లేదన్నారు. రెనే నాతో ఏదీ చెప్పుకోలేదు. ఖాళీగా ఉన్న ఆ సాయంత్రాల్లో పియానో ముందు కూర్చునేది, వాయించేది కాదు.

ఒక పొద్దున నాన్న ఎవరి మాటా వినకుండా వెనక దొడ్లో మేం పెంచుకునే కంచరగాడిదకి గడ్డి వెయ్యడానికి వెళ్ళాడు. ఎంతకీ రాలేదు. రెనే వెళ్ళి చూస్తే గడ్డిమోపు మీద కూర్చుని ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. లేవలేకపోతున్నాడు గానీ, ఆమెని చూడగానే, "ఏం లేదమ్మా, గాడిదతో కబుర్లు," అన్నాడట.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి కాస్త తేరుకున్నాడు. డాక్టరు మా ఇద్దరినీ వరండాలోకి పిలిచి, "మందులు ఇస్తాను. కానీ ఆయనకి కావాల్సింది మందు కాదు, గాలి. వీలైతే రోజూ కాసేపు కొండ కనుమ మీదికి, మూత పైకి తీసుకెళ్ళండి," అన్నాడు.

మర్నాడే నాన్నని ఆసుపత్రి నుంచి తీసుకుని ముగ్గురం నా ట్రక్కులో బయల్దేరాం. లైట్లు వేసుకుని, నడిచినంత వేగంతో ఎక్కాం. ఎంత ఎక్కినా బూడిద రంగే. నాన్న నా పక్కన ఆక్సిజన్ గొట్టం ముక్కుకి పెట్టుకుని ఊరుకున్నాడు. చివరి మలుపులో తల నీళ్ళలోంచి పైకెత్తినట్టయింది.

సూర్యుడు. నీలం ఆకాశం. అంత నీలం ఉంటుందన్న సంగతే మర్చిపోయాను. దేవదారు చెట్ల మీద మంచు మెరుస్తోంది. కళ్ళు తెరవలేకపోయాం. ట్రక్కు పక్కకి పెట్టి నాన్నని దింపి, దుప్పటి కప్పి, రోడ్డు అంచున ఉన్న పిట్టగోడ వార నిలబెట్టాం. రెనే ఆయన ముక్కు దగ్గర గొట్టం తీసింది. ఆయన ఒకసారి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. ఎండిన గొంతులోకి నీళ్ళు దిగుతున్నట్టు ఉంది ఆ పీల్చడం.

అప్పుడు కిందికి చూశాం.

లోయ లేదు. ఊళ్ళు లేవు, రోడ్లు లేవు, చెరువు లేదు. ఈ కొండ నుంచి ఆ కొండ దాకా ఒక చదునైన సముద్రం. పై అంచు తెల్లగా, దాని కింద మురికి పసుపు. కొండ శిఖరాలు దానిలోంచి దీవుల్లా లేచి ఉన్నాయి. అందంగానే ఉంది. అందంగా ఉన్నందుకు భయం వేసింది. నేను పుట్టి పెరిగిన చోటు అది. ఇంత పైనుంచి, ఇలాంటి రోజున ఎప్పుడూ చూడలేదు. చలికాలంలో పని వదిలి కొండెక్కేవాడు ఎవడు?

"మన ఊరెక్కడరా?" అన్నాడు నాన్న.

"దాని కింద."

"ఎక్కడ కింద?"

వేలు పెట్టి చూపించబోయాను. ఎటు చూపాలో తెలియలేదు.

ఆ పైన ఉన్నంత నిశ్శబ్దం నేనెక్కడా వినలేదు. కాదు, నిశ్శబ్దం లేదు. మా వెనక నా ట్రక్కు ఇంజన్ కొట్టుకుంటూనే ఉంది. చలికి మళ్ళీ స్టార్టు కాదేమోనని ఆపకుండా వదిలాను. దాని గొట్టంలోంచి పొగ మెల్లగా గోడ దాటి, వాలు వెంబడి కిందికి దిగుతోంది. నాన్న తల తిప్పి దాన్నే చూశాడు. ఆ పొగ ఎటు వెళ్తోందో కళ్ళతోనే దాని వెంట వెళ్ళాడు.

"బండి ఆపరా," అన్నాడు.

వెళ్ళి తాళం తిప్పాను.

తిరిగొచ్చేసరికి రెనే చేతికున్న తొడుగు తీసేసి నాన్న చేయి పట్టుకుని నిలబడి ఉంది. నేను ఆమెకి ఇటు పక్కన నిలబడ్డాను. ఆ పిల్ల పాట సంగతి అప్పుడు చెప్పాను. ఆమె నా వైపు చూడలేదు. కింది సముద్రాన్నే చూస్తూ విన్నది.

"ఎన్నాళ్ళయింది?" అంది చివరికి.

"బస్సు వచ్చిన మర్నాడే."

"ఇన్నాళ్ళూ హీటరు సంగతే చెప్పావు."

"అదీ నిజమే."

"తెలుసు," అంది. అంతే. 

ఫిబ్రవరి మధ్యలో కౌన్సిల్ మీటింగు జరిగింది. హాలు నిండిపోయింది. ఐదుగురిలో ఇద్దరు అటు, ఇద్దరు ఇటు, మిగిలింది రెనే అని అందరికీ తెలుసు. మేయరు ఐవా ముక్కు మీద కళ్ళద్దాలు సర్దుకుని జనంలో నన్ను వెతికింది.

"డెల్విన్, ఆ బస్సు తిప్పింది నువ్వు. చలికి పనికొస్తుందా రాదా? ఉన్నదున్నట్టు చెప్పు. మీ ఆవిడ మొహం చూడకు."

అందరూ నవ్వారు. లేచి నిలబడ్డాను. ప్రసంగాలు నాకు రావు. బ్యాటరీ ఎంత దిగిందో చెప్పాను. కొండ రూటుకి ఒక రోజు మొండిగా పంపిస్తే సగం దారి నుంచి వెనక్కి రావాల్సి వచ్చిందని చెప్పాను. ఊళ్ళో రూట్లకి ఒక్క రోజూ ఆగలేదని చెప్పాను. మంచు తోసే బండ్ల జోలికి ఇప్పుడే వెళ్ళొద్దన్నాను. "ఇంకొకటి. వీటికి మారితే నా షెడ్డులో పని తగ్గుతుంది. అది కూడా మీరు తెలిసే ఓటెయ్యాలి."

"అయితే వద్దంటావా?" అన్నాడు లమాంట్ ఆశగా.

"అది నేను చెప్పేది కాదు. బస్సు బయటే ఉంది, వెర్డా కూడా ఉంది. ఎక్కి చూడండి."

ఐవా ఒక్క క్షణం ఆలోచించి చెక్క సుత్తితో బల్ల మీద కొట్టింది. "మీటింగు బస్సులోకి మారింది. పట్టినంత మంది ఎక్కండి."

పిల్లల సీట్లలో మోకాళ్ళు ముడుచుకుని ఊరి పెద్దలందరూ ఇరుక్కున్నారు. లమాంట్ పొట్ట పట్టక పక్కకి తిరిగి కూర్చున్నాడు. బస్సు కదిలింది. మొదట హాస్యాలు, తర్వాత గుసగుసలు, ఆ తర్వాత ఏమీ లేదు. మా ఊళ్ళో అంతమంది ఒకచోట చేరి మాట్లాడకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఎవరో కిటికీ కొంచెం తెరిచారు. పొగలో ఎక్కడో కుక్క మొరగడం వినపడింది. ఏటి వంతెన మీదికి రాగానే, మంచు గడ్డ కింద నీళ్ళు పారుతున్న చప్పుడు వినపడింది.

"ఏరు పారుతోందే!" అన్నాడు లమాంట్, ఆశ్చర్యం దాచుకోలేక.

"ఎప్పుడూ పారుతుంది, లమాంట్," అంది వెర్డా.

హాలుకి తిరిగొచ్చాక ఓటేశారు. లమాంట్ వద్దనే అన్నాడు. చివర రెనే వంతు వచ్చింది. ఆమె నా వైపు చూసింది. అడగడానికి చూడలేదు. తను ఏం అనబోతోందో నేను ముందే తెలుసుకోవాలని చూసింది. "చేరదాం," అంది.

బయటికి వస్తుంటే లమాంట్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "మీ ఆవిడ నా లారీల జోలికొస్తే నీతో మాట్లాడతా చూడు."

"నాతో ఎందుకు, ఆమెతోనే మాట్లాడు. ఇంట్లో నా మాట చెల్లితే కదా."

నా దగ్గర పదేళ్ళుగా పనిచేస్తున్న రోస్కో ఆ నెలాఖరుకి మానేసి లారీ కంపెనీకి వెళ్ళిపోయాడు. కోపంతో కాదు, కానీ కళ్ళు కలపకుండా వెళ్ళాడు. అది బాధగానే ఉంది, ఇప్పటికీ. నేను మాత్రం యాభై ఎనిమిదేళ్ళ వయసులో సాల్ట్ లేక్‌కి పోయి, నా సగం వయసున్న మాస్టరు ముందు బల్ల మీద కూర్చున్నాను. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు తొడిగించాడు. తీగలు ముట్టుకునే ముందు వాటిలో కరెంటు చచ్చిందో లేదో మూడుసార్లు చూడాలన్నాడు. నేను నాలుగోసారి కూడా చూశాను. ఇన్నేళ్ళలో ఏ బండినీ అంత భయపడుతూ ముట్టుకోలేదు.

ఇంటికి వచ్చాక రెనే, "ఏం నేర్పారు?" అంది.

"నేను పనిచేస్తున్నంతసేపూ ఒకడు వెనక పొడుగాటి కొంకి పట్టుకుని నిలబడాలట. నాకు షాకు కొడితే కొంకితో వెనక్కి లాగడానికి."

నాన్న కుర్చీలోంచే అందుకున్నాడు. "అదేం కొత్తరా? ముప్పై ఏళ్ళుగా ఆ పని మీ ఆవిడ చేస్తూనే ఉందిగా."

రెనే నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. ఆ సాయంత్రం చాలాసేపు పియానో వాయించింది.

మూత తీసింది మేము కాదు. ఒక బస్సుతో, ఒక ఓటుతో లోయ గాలి మారుతుందా? మార్చి మొదటి వారంలో పడమటి నుంచి తుఫాను వచ్చింది. ఒక పగలంతా కిటికీలు ఊడిపోతాయేమో అన్నట్టు వీచి, ఆపైన మంచు కురిసి ఆగిపోయింది. పొద్దున లేచేసరికి ఇంట్లో గోడల మీద వెలుతురు వేరుగా ఉంది. నాన్న పక్క ఖాళీగా ఉంది. తలుపు ఓరగా తెరిచి ఉంది.

రెనే, నేను కోట్లు వేసుకుని పరిగెత్తాం. ఆయన దూరం వెళ్ళలేదు. వీధి మధ్యలో, పైజామా మీద కోటుతో, చేతికర్ర ఆనుకుని నిలబడ్డాడు. ఆయన ఒక్కడే కాదు. ఇరుగు పొరుగు వాళ్ళందరూ, చేతుల్లో చెంచాలతో, తలకి తువ్వాళ్ళతో ఎలా ఉన్నవాళ్ళు అలా బయటికొచ్చి తూర్పుకేసి చూస్తున్నారు. కొండలు. ఎవరో రాత్రికి రాత్రి తెచ్చి పెట్టినట్టు, ఒక్కొక్క మడతా లెక్కపెట్టగలిగేంత దగ్గరగా నిలబడి ఉన్నాయి. శిఖరాల మీద ఎండ అప్పుడే పడుతోంది. 

రెనే ఆయన పక్కకి వెళ్ళి కోటు గుండీలు పెట్టింది.

"చలిలో ఏం చూస్తున్నారు మామయ్యా?"

"చూడటం లేదమ్మా," అన్నాడు నాన్న. "ఊపిరి పీల్చుకుంటున్నాను."